దగ్గు వచ్చేదాకా ఆగమనడం న్యాయమా?

ప్రభుత్వ ఆసుపత్రి గోడ మీద, బస్టాండు స్తంభాల మీద, ఆరోగ్య ఉపకేంద్రం తలుపు మీద ఒక హితవు ఏళ్ల తరబడి మనల్ని పలకరిస్తూనే ఉంది. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోవాలన్నది దాని సారం. మన దేశపు క్షయ నివారణ యంత్రాంగం చాలాకాలం ఈ ఒక్క హితవు మీదనే నడిచింది. రోగి దగ్గాలి, ఆ దగ్గు మామూలు దగ్గు కాదని తానే గ్రహించాలి, పని మానుకుని ఆసుపత్రికి రావాలి. అప్పుడు ప్రభుత్వం పరీక్షించి మందులిస్తుంది. దగ్గే రాని రోగి సంగతి ఆ గోడ మీద ఎక్కడా రాసి ఉండదు.

అటువంటివారు ఎక్కడో ఒకరిద్దరు ఉంటారులే అనుకోవడానికి వీల్లేదు. 2019 నుంచి 2021 వరకు జరిగిన జాతీయ క్షయ వ్యాప్తి సర్వేలో పదిహేనేళ్లు నిండిన మూడు లక్షల మందికి పైగా పాల్గొన్నారు. లక్షణాలేమైనా ఉన్నాయా అని అడగడంతో సరిపెట్టకుండా ఛాతీ ఎక్స్‌రేలు కూడా తీశారు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్లు ప్రయోగశాలలో నిర్ధారణ అయినవారిలో 42.6 శాతం మంది, ఎక్స్‌రే తీయకపోయి ఉంటే బయటపడేవారే కారు. అంటే నూరుమంది రోగుల్లో నలభై ఇద్దరో ముగ్గురో గోడ మీది హితవు చదివి, అది తమకు వర్తించదని నిజాయితీగానే అనుకుని ఇంటికి వెళ్లిపోయేవారు. ఇతర దేశాల్లో జరిగిన ఇలాంటి సర్వేల్లోనూ సుమారు సగం మంది రోగులు లక్షణాలేవీ లేవనే చెప్పారు.

ఇక్కడ రెండు స్థితులను వేరు చేసి చూడాలి. వీటిని కలిపేయడం వల్లనే మన ఇళ్లలో అనవసరమైన భయమూ, ప్రమాదకరమైన నిశ్చింతా రెండూ పుడుతున్నాయి.

మొదటిది నిద్రాణ సంక్రమణ. క్షయ క్రిమి శరీరంలో ప్రవేశించింది; రోగనిరోధక శక్తి దాన్ని చుట్టుముట్టి కదలకుండా బంధించింది. నివురుగప్పిన నిప్పు అని మనవాళ్లు అనే మాట దీనికి అతికినట్లు సరిపోతుంది. ఈ స్థితిలో ఉన్న మనిషి రోగి కాడు. అతని ఎక్స్‌రేలో వ్యాధి కనబడదు, కఫంలో క్రిమి ఉండదు, అతని నుంచి ఎవరికీ ఏదీ అంటదు. ప్రపంచ జనాభాలో సుమారు నాలుగో వంతు మందిలో ఈ సంక్రమణ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన దేశంలో పదిహేనేళ్లు పైబడినవారిలో 31.3 శాతం మందికి ఇది ఉన్నట్లు పైన చెప్పిన సర్వేయే తేల్చింది. వీరిలో జీవితకాలంలో ఎప్పుడైనా జబ్బుపడేవారు నూటికి అయిదు నుంచి పది మంది. తక్కినవారు ఆ నిప్పును గుండెల్లో పెట్టుకుని, అది ఉందని కూడా తెలియకుండా నిండు జీవితం గడిపి వెళ్లిపోతారు.

రెండవది లక్షణాలు లేని వ్యాధి. ఇక్కడ నివురు తొలగిపోయింది. ఊపిరితిత్తిలో మచ్చ ఏర్పడింది, కఫంలో క్రిమి ఉంది. అయినా జ్వరం లేదు, దగ్గు లేదు, ఉన్నా మనిషి లెక్కచేయనంత స్వల్పం. దగ్గు లేదు కనుక గాలిలోకి వెదజల్లే క్రిములు తక్కువే కావచ్చు. అయితే నెలల తరబడి అదే గదిలో, అదే చాప మీద, అదే పసిబిడ్డ పక్కన పడుకునే మనిషి విషయంలో ఆ తక్కువ ఎంత తక్కువ? వైద్యశాస్త్రం ఇప్పుడు తీవ్రంగా ఆలోచిస్తున్నది ఈ ప్రశ్న గురించే.

మొదటి స్థితి నుంచి రెండవ స్థితికి మనిషిని నెట్టేదేమిటన్నది మాత్రం తెలిసిన సంగతే. తిండి చాలకపోవడం అన్నింటికన్నా పెద్ద కారణాల్లో ఒకటి. మధుమేహం ముప్పును రెండు మూడు రెట్లు పెంచుతుంది. హెచ్‌ఐవీ ఇంకా ఎక్కువగా పెంచుతుంది. పొగ తాగడం, రాతి గనుల్లో ఊపిరితిత్తుల నిండా చేరే సిలికా ధూళి, మద్యం కూడా ఈ కోవలోవే. క్రిమి సోకిన తొలి రెండేళ్లు అత్యంత కీలకమైనవి. అయిదేళ్లలోపు పిల్లల్లో అది త్వరగా విజృంభిస్తుంది, ఒక్కోసారి మెదడు పొరలకూ పాకుతుంది. ఈ కారణాల పట్టికను ఒకసారి చదివి, మన పట్టణాల్లో ఏ బస్తీల పేర్లు గుర్తుకొస్తాయో పాఠకులే ఆలోచించాలి. క్షయకు మతం లేదు. కానీ మన సమాజంలో అత్యధికులు బతుకుతున్న గదుల కొలతలు, చేస్తున్న పనుల స్వభావం దానికి చాలా అనుకూలంగా ఉన్నాయి.

నిజామాబాద్, కామారెడ్డి, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు లక్షల్లో ఉన్నారు. వారిలో వెనుకబడిన కులాలవారూ, దళితులూ, ముస్లింలూ ఉన్నారు. పరదా పాటించే కుటుంబాల్లో ఇల్లు దాటకుండా చేయగల పనిగా బీడీ ముస్లిం స్త్రీకి మరింత దగ్గరైంది. ఒడిలో చాట, చాటలో తంబాకు, పక్కన కత్తిరించిన తునికాకు; అదే గదిలో వంట, అదే గదిలో పిల్లల చదువు, అదే గదిలో పడక. హైదరాబాద్ పాతబస్తీలో లక్క గాజులు చేసేచోటా, జర్దోజీ మగ్గాల ముందూ దృశ్యం పెద్దగా మారదు. ఇంటిని ఆధారం చేసుకున్న పనుల్లో ముస్లిం స్త్రీల వాటా అధికమని సచార్ కమిటీ 2006లోనే నమోదు చేసింది. ఇంట్లో పని అనే మాట వినడానికి భద్రంగా ఉంటుంది. గాలి విషయంలో దాని అర్థం వేరు: పని వదిలి బయటి గాలిలోకి వెళ్లే గంట కూడా ఆ రోజులో ఉండదు.

వెయ్యి బీడీలకు ఇంత అని కూలి లెక్కగట్టే చోట దగ్గు ఒక లక్షణంగా లెక్కకు రాదు. తంబాకు ఘాటుకు అందరూ దగ్గుతారు. ఎవరి దగ్గు ఘాటు వల్ల, ఎవరిది క్రిమి వల్ల అని విడదీసే తీరిక ఎవరికుంది? జాతీయ సర్వేలో లక్షణాలున్నవారిలోనే సుమారు 64 శాతం మంది ఎక్కడా వైద్యం కోసం వెళ్లలేదు. కారణమేమిటని అడిగితే వారిలో 68 శాతం మంది లక్షణాలను పట్టించుకోలేదన్నారని నివేదిక చెబుతోంది. ఆ మాట నాకు మింగుడుపడదు. ఆసుపత్రికి పోతే సగం రోజు కూలి పోతుందని తెలిసిన మనిషి దగ్గును పట్టించుకోలేదనడం, ఆకలిగా ఉన్నవాడు భోజనాన్ని పట్టించుకోలేదనడం వంటిది. లక్షణాలున్నవారి స్థితే ఇదైతే, ఏ లక్షణమూ లేని స్త్రీ తనంతట తాను ఎక్స్‌రే గదికి నడిచి వస్తుందని ఎదురుచూసే విధానాన్ని ఏమనాలి?

బీడీకీ క్షయకూ ఉన్న సంబంధం ప్రభుత్వానికి తెలియనిదేమీ కాదు. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి కోసం చట్టాలు చేసినప్పుడు, ఆ నిధితో నడిచే పథకాల్లో క్షయ ఆసుపత్రుల్లో బీడీ కార్మికులకు పడకలు కేటాయించడం, ఇంటి వద్ద చికిత్సకు సాయం చేయడం కూడా ఉన్నాయి. ఆ నిధికి ఆధారం బీడీల మీద వసూలు చేసే ప్రత్యేక సుంకం. 2017లో వస్తుసేవల పన్ను వచ్చినప్పుడు ఆ సుంకాన్ని రద్దు చేశారు. కార్మికురాలి ఆరోగ్యానికి ఆమె చుట్టిన బీడీ నుంచే వచ్చే నికరమైన ఆధారం పోయి, ఏటా బడ్జెట్‌లో ఎంత రాలితే అంత అన్న స్థితి వచ్చింది. దీని గురించి మన ప్రజాప్రతినిధులు చట్టసభల్లో మాట్లాడవలసినంతగా మాట్లాడలేదు.

చరిత్రను చూస్తే క్షయ చికిత్స రోగికి మెల్లమెల్లగా దగ్గరవుతూ వచ్చింది. ఒకప్పుడు రోగిని ఊరికి దూరంగా తీసుకుపోయేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం, వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలపై నిజాం కాలంలో వెలసిన శానిటోరియం ఆ యుగానికి గుర్తులు. మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి ఉంటేనే బతుకుతారని నమ్మిన రోజులవి. 1956లో మద్రాసులో నెలకొన్న క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం పేదవాడి ఇరుకింట్లో ఇచ్చిన మందులు కూడా శానిటోరియంలో ఇచ్చినంత బాగా పనిచేస్తాయని 1959లో నిరూపించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది. చికిత్స కొండ దిగి ఇంటికి వచ్చింది. ఇప్పుడు రావలసింది పరీక్ష. చేతితో మోసుకుపోగల, బ్యాటరీతో నడిచే ఎక్స్‌రే యంత్రాలు నేడు ఉన్నాయి. ఎక్స్‌రే చిత్రాన్ని చదివి అనుమానాస్పదమైనవాటిని వేరుచేసే కంప్యూటర్ ప్రోగ్రాములకు 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం తెలిపింది. అనుమానం వచ్చినవారి కఫాన్ని ట్రూనాట్ వంటి పరీక్షతో గంటల్లో తేల్చవచ్చు. సాధనాలు లేవని చెప్పే వీలు ఇక లేదు.

2024 డిసెంబర్ 7న కేంద్ర ప్రభుత్వం 347 జిల్లాల్లో ప్రారంభించిన వంద రోజుల కార్యక్రమం ఈ దారిలో వేసిన అడుగే. ముప్పు అధికంగా ఉన్న వర్గాలకు లక్షణాలతో నిమిత్తం లేకుండా ఎక్స్‌రే తీయాలన్నది అందులోని ముఖ్యాంశం. ఇది సరైన ఆలోచన అని ఒప్పుకోవాలి. కానీ 2025 నాటికి క్షయను నిర్మూలిస్తామన్న ప్రకటన మాత్రం నెరవేరలేదు. 2015లో లక్ష జనాభాకు 237గా ఉన్న కొత్త కేసుల అంచనా 2024కు 187కు తగ్గింది. తగ్గుదల నిజమే, కానీ నిర్మూలన ఇంకా చాలా దూరంలో ఉంది. వంద రోజుల హడావుడి ముగిసిన తరువాత ఆ యంత్రం ఏ బస్తీకి ఎన్నిసార్లు వచ్చిందన్నదే అసలు లెక్క.

ఇక మన వైపు నుంచి మాట్లాడవలసిన మాట ఒకటుంది. ఆరోగ్య సిబ్బంది చేతిలో కాగితాలతో గల్లీలోకి వస్తే తలుపులు ఎందుకు మూసుకుంటాయో మనకు తెలుసు. 2020 తొలి నెలల్లో పౌరసత్వ పట్టికల భయం ప్రతి ఇంటినీ కమ్ముకుంది. ఆ భయం తీరకముందే మార్చి చివర నిజాముద్దీన్ మర్కజ్ ఉదంతం వచ్చింది. ఒక అంటువ్యాధిని ఒక సమాజం నెత్తిన రుద్ది టెలివిజన్ చానెళ్లు వారాల తరబడి విషం చిమ్మాయి. కూరగాయల బండి తోసుకునేవాడిని పేరడిగి వెనక్కి పంపారు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీ సభ్యులపై కేసులను కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేసేందుకు ఎంచుకుని ఉండే అవకాశం కనబడుతోందని వ్యాఖ్యానించింది. తీర్పు వచ్చింది గానీ గాయం మిగిలే ఉంది. ఇప్పుడు ఏ జబ్బూ లేదని చెబుతున్న మనిషిని, నీలో జబ్బు ఉందేమో చూస్తాం రమ్మంటే, మా బస్తీకే ఎందుకు వచ్చారని అడగడం సహజం.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన బాధ్యత అధికారులది. జవాబు సూటిగా ఉండాలి: గదులు ఇరుకు కనుక, ఈ పనిలో ధూళి ఉంది కనుక, ఈ ఇంట్లో ఒక రోగి ఉన్నాడు కనుక వచ్చాం అని చెప్పగలగాలి. అదే వాహనం కారాగారానికీ, రాతి క్వారీకీ, భవన నిర్మాణ కూలీల షెడ్లకూ వెళ్తున్నదని చూపగలగాలి. ముస్లిం బస్తీ అనే పేరు ముప్పు వర్గాల జాబితాలో ఎక్కడా కనబడకూడదు. ఇరుకు ఇల్లు, బీడీ పని, మధుమేహం, రోగితో కలిసి జీవించడం అన్నవే కొలమానాలు కావాలి. అప్పుడు మన బస్తీలు ఆ కొలమానాల మేరకు వాటంతట అవే జాబితాలోకి వస్తాయి, ఎవరి నుదుటనా ముద్ర పడకుండానే.

అలాగని తలుపు మూసుకుంటే నష్టపోయేది మనమే. నిశ్శబ్దంగా ఉండే వ్యాధి విషయంలో ఆరోగ్య హక్కు అంటే ఆసుపత్రిలో పడక దొరకడం ఒక్కటే అయితే చాలదు. నన్ను వెతుక్కుంటూ రండి అని అడిగే హక్కు కూడా అందులో భాగమే. ఇన్నాళ్లూ మనం ఎంతసేపూ మన దగ్గరికి ఎందుకు వచ్చారని అడిగాం. ఇంతకాలం ఎందుకు రాలేదని కూడా అడగవలసి ఉంది.

పాజిటివ్ అనే మాట మన ఇళ్లలో చేసే చేటు గురించి వేరుగా చెప్పాలి. చర్మం మీద చేసే పరీక్షలు గానీ, రక్తంతో చేసే ఇగ్రా పరీక్ష గానీ క్రిమి సోకిందో లేదో చెబుతాయి. వ్యాధి ఉందో లేదో చెప్పలేవు. ఈ తేడా వివరించకుండా ఒక కాగితం చేతిలో పెట్టి పంపితే, ఆ ఇంటి ఆడపిల్లకు వచ్చిన సంబంధం మరునాడే తప్పిపోతుంది. దేశంలో పెద్దవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఉన్న స్థితి అది; పరీక్ష చేస్తే పెళ్లిచూపులకు వచ్చిన పెద్దల్లోనూ ఎవరికో ఒకరికి అదే ఫలితం రావచ్చు. కనుక ఫలితాన్ని వ్యక్తికి ఏకాంతంలో, తనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. ఇంటి తలుపు మీద గుర్తులు, గల్లీలో గట్టిగా పేర్లు పిలవడం, వాట్సాప్ గ్రూపుల్లో జాబితాలు పెట్టడం ఏ పరిస్థితిలోనూ సహించరానివి. అంగీకారం లేకుండా ఒక్క పరీక్ష కూడా జరగకూడదు. వద్దన్నవారికి రేషన్, పింఛను ఆగుతాయన్న బెదిరింపు అసలే ఉండకూడదు.

జబ్బు లేనివారికి మందులెందుకని అడిగేవారున్నారు. ఆ సందేహాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం వైద్యులు చేసే పొరపాటు. నివారణ చికిత్సలో వాడే ఐసోనియాజిడ్ కొందరిలో కాలేయాన్ని దెబ్బతీస్తుంది. కామెర్ల లక్షణాలు కనబడితే వెంటనే మందు ఆపి వైద్యుని చూడాలన్న సంగతి ముందే చెప్పాలి. మందు మొదలుపెట్టక ముందు అసలైన వ్యాధి లేదని తేల్చుకోవాలి. వ్యాధి ఉన్న మనిషికి నివారణ మోతాదు ఇస్తే క్రిమి మొండికేస్తుంది. దేశంలో మూడో వంతు పెద్దలకు మందులు పంచమని ఎవరూ అడగడం లేదు. రోగితో ఒకే ఇంట్లో ఉన్నవారికి ముప్పు ఎక్కువ, అందుకే వారికి ముందు ఇవ్వాలి. ప్రధానంగా చిన్నపిల్లలకూ, హెచ్‌ఐవీ ఉన్నవారికీ పరిమితమైన ఈ చికిత్సను 2021 నాటి జాతీయ మార్గదర్శకాలు ఇంటిల్లిపాదికీ విస్తరించాయి. ఆరు నెలలు రోజూ వేసుకునే పాత పద్ధతితో పాటు, వారానికొకసారి చొప్పున పన్నెండు వారాలు వేసుకునే పద్ధతీ ఉంది. రంజాన్‌లో ఉపవాసం చెడుతుందన్న శంక ఉన్నవారికి ఈ రెండవది సులువు. వైద్యునితో మాట్లాడి ఆ మోతాదును ఇఫ్తార్ తరువాతకు కుదుర్చుకోవచ్చు. వ్యాధికి చికిత్సలో ఉన్నవారు మాత్రం వైద్యుడిని అడగకుండా మందు వేళలు మార్చుకోకూడదు, ఒక్క పూట కూడా మానకూడదు.

మందు కంటే ముందు పళ్లెం ఉంది. జార్ఖండ్‌లో 2019 నుంచి 2022 వరకు పదివేల మందికి పైగా రోగుల కుటుంబ సభ్యులతో జరిగిన ఒక అధ్యయనం 2023లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఒక వర్గంలోని కుటుంబాల్లో తలకు నెలకు అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, సూక్ష్మపోషకాల మాత్రలు ఇచ్చారు. మరొక వర్గంలో రోగికి మాత్రమే ఆహారం అందింది. కుటుంబమంతటికీ తిండి అందిన ఇళ్లలో కొత్తగా క్షయ బారిన పడినవారు 39 శాతం తగ్గారు. ఇతరులకు అంటించగల ఊపిరితిత్తుల క్షయ 48 శాతం తగ్గింది. కొత్త మందు లేదు, కొత్త టీకా లేదు, కిలోన్నర పప్పు! ఆహార భద్రతా చట్టం కింద బియ్యం హక్కుగా వస్తున్నాయి గానీ పప్పు ఇంకా హక్కు కాలేదు. చికిత్సలో ఉన్న రోగికి ఇచ్చే నెలసరి సాయాన్ని 2024 నవంబర్ నుంచి 500 రూపాయల నుంచి 1000 రూపాయలకు పెంచారు, సంతోషమే. కుటుంబ సభ్యులకు ఆహార బుట్టలు ఇవ్వడాన్ని మాత్రం నిక్షయ్ మిత్రల పేరుతో దాతల దయకు వదిలారు. దాతలు ఉన్న ఊళ్లో పప్పు వస్తుంది, లేని ఊళ్లో రాదు. జకాత్ ఇచ్చే చేతులున్న మన సమాజం ఇందులో తన వంతు చేయవచ్చు, చేయాలి కూడా. అంతమాత్రాన రాజ్యం తన బాధ్యతను మన వితరణ మీదికి నెట్టడాన్ని అంగీకరించనక్కరలేదు.

జిల్లా క్షయ నియంత్రణ అధికారుల ముందు ఇప్పుడే పెట్టవలసిన కోరికలు కొన్ని ఉన్నాయి. గడచిన ఏడాదిలో ఏ వార్డులో ఎన్ని ఎక్స్‌రేలు తీశారో, అందులో ఎంతమందికి లక్షణాలు లేకుండానే వ్యాధి బయటపడిందో, రోగి పేరు ఎక్కడా రాకుండా వార్డులవారీగా ప్రకటించాలి. బీడీ కార్ఖానాలు, కమీషన్ ఏజెంట్ల ఇళ్ల దగ్గర కార్మికులు సరుకు అప్పగించే రోజున, అప్పగించే వేళకే వాహనం రావాలి. ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు వరకు అంటే కూలి మానుకుని ఎవరూ రారు. స్త్రీలకు ఎక్స్‌రే తీసేది స్త్రీ సిబ్బంది అయి ఉండాలి, తెర ఉండాలి. గర్భిణులను ముందే అడిగి తెలుసుకోవాలి. వివరించే మనిషికి తెలుగూ ఉర్దూ రెండూ రావాలి. మసీదు కమిటీలు వాహనం వచ్చే తేదీని ముందు వారం జుమా నాడు ప్రకటించవచ్చు; ఆవరణలో చోటు ఉంటే ఇవ్వవచ్చు. ఇమాములు, కమిటీ పెద్దలు మొదట తామే వరుసలో నిలబడితే గల్లీలో సగం గుసగుసలు అక్కడే ఆగుతాయి. ఒక ఇంట్లో ఎవరికైనా క్షయ ఉన్నట్లు తేలితే, వారం తిరగకముందే ఆ ఇంటిలోని పసిబిడ్డ నుంచి ముసలి అత్త వరకు ప్రతి ఒక్కరినీ, దగ్గు ఉన్నా లేకున్నా పరీక్షించారా లేదా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.